చెయ్యి ఆలస్యమా, డ్రైవరు ఆలస్యమా

నేను తిట్టిన తిట్లు మా పాత ల్యాప్‌టాప్ కాకుండా ఏ మనిషైనా తిని ఉంటే ఈపాటికి నామీద కేసు పెట్టి ఉండేవాడు. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఏనాడో ఏకగ్రీవంగా తేల్చేశారు. ఆ రెండిళ్లవాళ్లూ ఒప్పుకున్న విషయం అదొక్కటే. కానీ ఆ ల్యాప్‌టాప్ మీద నా కోపం మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అది మా మావయ్యగారి ధైర్యాన్ని దెబ్బ కొట్టింది మరి.

మావయ్యగారికి పామర్రులో ఎరువుల కొట్టు ఉండేది. కొట్టు మూసేసి హాయిగా కూర్చుందామనుకునే వేళకి కుడివైపు పక్షవాతం తగిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక, వైద్యానికి దగ్గరగా ఉంటుందని ఆయనా అత్తయ్యా పటమటలో మా ఇంటికి వచ్చారు. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యే మొండికేసింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొదట్లోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "చెయ్యి వాడితేనే వస్తదండీ. వాడకుండా వదిలేశారనుకోండి, ఇంక నేను చేసేదేమీ లేదు."

ఆయన వదిలేశారు. కుడిచేత్తో ముద్ద కలిపితే సగం కంచంలో, సగం చొక్కా మీద పడుతోందని, గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఎడమచేత్తో చెంచాతో తినేవారు. ఒకప్పుడు బంతిలో కూర్చుంటే పక్కవాళ్ల విస్తట్లో పప్పు అయిపోయిందని కనిపెట్టి, వడ్డించేవాణ్ణి కేకేసి పిలిచిన మనిషి. ఇప్పుడు పెళ్లి పిలుపు వస్తే, "నాకు ఒంట్లో బాగాలేదని చెప్పండి" అని పక్కకి తిరిగి పడుకునేవారు. చెంచా పట్టుకున్న ఆయన్ని ఒకసారి తలుపు సందులోంచి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

ఇలాంటప్పుడు మర్యాదస్తుల ఇళ్లల్లో ఏం చేస్తారో మేమూ అదే చేశాం. అందరం కలిసి అబద్ధాలు మొదలుపెట్టాం. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే, "నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా నాన్నా!" అనేవాడు. అత్తయ్య ఫోన్లో చుట్టాలకి, "ఆయనకేం వదినా, బ్రహ్మాండంగా ఉన్నారు, పొద్దున కాఫీ గ్లాసు ఆయనే పట్టుకున్నారు" అని చెప్పేది. ఆ గ్లాసు కింద ఆవిడ చెయ్యి ఉందన్న సంగతి మాత్రం చెప్పేది కాదు. నేనూ తక్కువేం తినలేదు. "మీ చెయ్యి చాలా నయమండీ మావయ్యగారూ" అని టిఫిన్ పెట్టినప్పుడల్లా అనేదాన్ని. ఆయన అన్నీ విని, "అట్టాగేలేమ్మా" అనేవారు. కొట్టులో అప్పు అడగడానికి వచ్చినవాళ్ల పొగడ్తలు కూడా ఆయన అలాగే వినేవారట.

ఇక నా పిచ్చి సంగతి చెప్పాలి. నా కాలేజీ రోజుల్లో గంటల లెక్కన వీడియో గేములు ఆడించే షాపులు ఉండేవి. మా అన్నయ్య వెంట తోకలాగా వెళ్లి, అక్కడ మగపిల్లలందర్నీ టెన్నిస్ ఆటలో చిత్తుగా ఓడించేదాన్ని. అక్కడి ఆటపెట్టెని, అదే కన్సోల్‌ని, తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నా. అది చచ్చిపోయినా డిస్కులు పారెయ్యడానికి మనసు రాలేదు. ఇప్పుడు వాటిని ఎమ్యులేటర్‌లో ఆడుకుంటాను. ఎమ్యులేటర్ అంటే ఏమీ లేదు, ల్యాప్‌టాప్ చేత ఆ పాత కన్సోల్ వేషం వేయించే ప్రోగ్రాం. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక సెట్టు ఆడితే నా రక్తపోటు అదుపులో ఉంటుంది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని మా అత్తయ్య చాలాసార్లు అడిగింది. పేకాట కంటే నయం కదా అత్తయ్యా అని నేనూ చాలాసార్లు చెప్పాను.

ఒకరోజు పొద్దున నేను అలా ఆడుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"బంతి వచ్చాక ఆలోచిస్తున్నావేంటమ్మాయ్? నెట్టు దాటకముందే చెయ్యి లేవాలి!"

మావయ్యగారు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారని నాకు తెలుసు. పసుపు రంగు ఊలు బంతితో, జట్టుకి ఐదుగురు చొప్పున ఆడే ఆట. పామర్రు చుట్టుపక్కల ఊళ్లల్లో పోటీలకి సైకిళ్లేసుకుని వెళ్లేవారట. ఓడిపోతున్నప్పుడు సలహాలిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అది మావయ్యగారైనా సరే.

"అంత తెలిస్తే మీరు కొట్టి చూపించండి!" అని ఆట ఆడించే బటన్ల కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టేశాను. కోపంలో ఏ చేతిలో పెట్టానో చూసుకోలేదు. కుడిచేతిలోనే పెట్టాను. ఆయన కూడా చూసుకోలేదు. బంతి వస్తోంది, కొట్టాలి, అంతే. బొటనవేలు బటన్ మీదికి మెల్లగా పాకి, నొక్కింది. తెరమీది ఆటగాడు రాకెట్ ఊపాడు. బంతి అవతలి గీత మీద పడింది.

"చూశావా!" అన్నారు మావయ్యగారు.

అది మొదలు, మా హాలు స్టేడియం అయిపోయింది. పొద్దున్న కాఫీ కాగానే, "ఏవమ్మా, వేస్తావా ఒక ఆట?" అనేవారు. ఓడిపోతే ఆ ఆటలోని అంపైర్‌ని పామర్రు భాషలో కడిగేసేవారు. "ముసలాయనకి లేనిపోని అలవాటు చేశావు" అని అత్తయ్య సణిగేది గానీ, కూరగాయలు తెచ్చుకుని టీవీ ముందే కూర్చుని తరిగేది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏం చేస్తున్నారండీ ఇంట్లో? ఇది బాగా కదులుతుందే" అని ఆశ్చర్యపోయింది. అది అబద్ధం కాదని ఆయనకీ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆటోలో నాతో ఆ మాటే నాలుగు రకాలుగా చెప్పారు.

అంతా సవ్యంగా నడుస్తుంటే ల్యాప్‌టాప్‌కి కళ్లు కుట్టాయి. ఒక పొద్దున తెరిస్తే, "అప్‌డేట్ పూర్తయింది" అని పళ్లికిలించింది. నేను దోసెలు వేస్తూ, మీరు మొదలుపెట్టండి వస్తున్నాను అన్నాను. కాసేపటికి హాల్లో చప్పుడు లేదు. వెళ్లి చూస్తే కంట్రోలర్ సోఫా మీద ఉంది, మావయ్యగారు గదిలో ఉన్నారు.

"ఏమైందండీ?"

"ఏముంది. చెయ్యి మళ్లీ వెనక్కి పోయింది. నేను నొక్కుతున్నాననుకుంటున్నా, అది నొక్కట్లేదు. బంతి పోయాక కదులుతుంది."

నేను ఆడి చూశాను. ఒళ్లు మండిపోయింది. ఆట నత్తనడక నడుస్తోంది. బొమ్మలు ఆగి ఆగి వస్తున్నాయి. బటన్ నొక్కాక రాకెట్ తీరిగ్గా లేస్తోంది, ఆ వేళకి బంతి వెనక గోడ దగ్గరుంటోంది. తప్పు ఆయన చేతిది కానే కాదు. సంతోషంతో గదిలోకి పరిగెత్తాను. "ల్యాప్‌టాప్ తప్పండీ మావయ్యగారూ! మీ చెయ్యి బాగానే ఉంది!"

ఆయన నాకేసి చూసి చిన్నగా నవ్వి, "అట్టాగేలేమ్మా" అన్నారు.

అప్పుడు అర్థమైంది మేం చేసుకున్న ఘనకార్యం. మీ చెయ్యి బాగుందండీ అన్న మాటని అరగదీసి అరగదీసి, నిజంగా కావలసినప్పుడు పనికిరాకుండా చేసుకున్నాం. నేను ఆడి ఓడిపోయి చూపిస్తే, "నాకోసం ఓడిపోతున్నావు, నాకు తెలవదా" అన్నారు. మా ఆయన్ని పిలిచి ఆడించాను. ఒక్క బంతి కూడా తగల్లేదు. "వాడెప్పుడు ఆడాడు గనక?" అన్నారు. అది మాత్రం నిజమే. మర్నాడు ఫిజియోథెరపీకి వెళ్లే వేళకి చొక్కా వేసుకోలేదు. "ఇంక రాదులేమ్మా. ఆ అమ్మాయి టైము కూడా దండగ." ఆ వారమంతా కదల్లేదు. మళ్లీ చెంచా, మళ్లీ తలుపు.

మా ఆయనకి ప్రపంచంలో ఏ రోగానికైనా ఒకటే మందు. "రీస్టార్ట్ చెయ్యవే." చేశాను. "అయితే ఇంకోసారి చెయ్యి." ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్ కొత్తది, దాంట్లో ఆడిద్దామంటే, "నా ఉద్యోగం పోగొడతావా, అందులో ఏమీ ఎక్కించనివ్వరు" అన్నాడు. అత్తయ్య మాత్రం కరెంటు ఓల్టేజీ తగ్గిందేమో, ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టి చూడవే అంది. పెట్టాను. మనిషి అవస్థలో ఉంటే అన్నీ చేస్తాడు.

నేనే కూర్చుని వెతికితే అసలు దొంగ దొరికాడు. గ్రాఫిక్స్ డ్రైవర్. ప్రోగ్రాం అడిగిన బొమ్మని, బొమ్మలు గీసే చిప్‌కి అర్థమయ్యేలా చెప్పే మధ్యవర్తి అది. మధ్యవర్తి సరైనవాడు కాకపోతే పెళ్లిసంబంధాలే చెడిపోతాయి, టెన్నిస్ ఒక లెక్కా? అప్‌డేట్‌లో మా చిప్‌కి సరిపడే పాత డ్రైవర్ ఎగిరిపోయి, ఏదో నామ్‌కేవాస్తే డ్రైవర్ వచ్చి కూర్చుంది. సినిమాలూ ఈమెయిళ్లూ దాంతో బాగానే నడుస్తాయి. ఎమ్యులేటర్‌కి మాత్రం చిప్ పూర్తి బలం కావాలి. అది అందక, బొమ్మలన్నీ మామూలు ప్రాసెసరే గీసుకుంటూ రొప్పుతోంది.

ఇదంతా మావయ్యగారికి చెప్పబోయాను. "నాకు అర్థం కాని మాటలతో చెప్తే నమ్ముతాననుకున్నావా?" అన్నారు.

ఉక్రోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అయితే మీ కళ్లతో మీరే చూడండి. ఒక్క ఆట ఆడండి, ఒక్కటే. ఇంక జన్మలో అడగను!" అని అరిచాను. నా అరుపుకి జడిసే అనుకుంటాను, లేచి వచ్చారు. ఆయన ఆడుతుంటే వెనక నిలబడి, ఆయన చెయ్యీ టీవీ తెరా రెండూ పడేలా ఫోన్‌తో వీడియో తీశాను. స్లో మోషన్‌లో. తర్వాత పక్కన కూర్చుని చూపించాను.

ఫోన్లో బంతి ఈదుతున్నట్టు మెల్లగా వస్తోంది. ఇంకా నెట్టు దగ్గరే ఉంది. పగడపు ఉంగరం ఉన్న చేతి బొటనవేలు లేచి, బటన్ మీదికి దిగి, గట్టిగా నొక్కింది. బంతి నెట్టు దాటింది. నేల తాకింది. ఆటగాడు శిలావిగ్రహంలా నిలబడే ఉన్నాడు. బంతి వాణ్ణి దాటి పోయింది. అప్పుడు ఊపాడు రాకెట్.

మావయ్యగారు వేలితో చూపించి, మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ చూసి, తన ఉంగరం వైపు ఒకసారి చూసుకున్నారు.

"ఇది నేనేనా?"

"మీరేనండీ. ఈ ఇంట్లో పగడం ఇంకెవరికుంది?"

"నెట్టు దాటకముందే నొక్కాను" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఆ నెపం అందరికీ పనికొచ్చింది. కానీ ఎరువుల కొట్టు నడిపిన మనిషి అంత తేలిగ్గా లొంగుతాడా? "సరే, ఆ డ్రైవరేదో బాగు చెయ్యి. అప్పుడు కొట్టి చూస్తా. తగిలితే నువ్వు చెప్పింది నిజం. తగలకపోతే ఈ ఫిజియోథెరపీ గొడవ నా దగ్గర ఎత్తొద్దు" అన్నారు.

పందెం పడింది. ఇంక నేను ఊరుకుంటానా?

చిప్ చేసిన కంపెనీ మా పాత మోడల్‌ని ఎప్పుడో గాలికొదిలేసింది. వాళ్ల సైటులో ఆ డ్రైవర్ పేజీయే లేదు. ఇంటర్నెట్‌లో సలహాలిచ్చేవాళ్లు మాత్రం రోగిని చూడ్డానికి వచ్చిన చుట్టాల్లాగా ఎగబడ్డారు. ఒకాయన ఎమ్యులేటర్ సెట్టింగు మార్చమంటాడు. ఇంకొకాయన అది మారిస్తే కొంప మునుగుతుందంటాడు. మరొకాయన అసలు ఈ ల్యాప్‌టాప్ పారేసి కొత్తది కొనుక్కోమంటాడు. ఎక్కడో దొరికిన డ్రైవర్ ఒకటి ధైర్యం చేసి ఎక్కించాను. తెర మొత్తం నల్లగా అయిపోయింది.

"చంపేశావా?" అంది అత్తయ్య, భుజం మీదుగా చూస్తూ.

"బతికిస్తాను, మీరు కాస్త పక్కకి జరగండి!" అన్నాను. నానా తంటాలు పడి అత్యవసరమైనవాటితో మాత్రమే తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ దరిద్రాన్ని తీసేసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, అన్నం మెతుకు కూడా ముట్టలేదు. మావయ్యగారు గది గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి వెళ్తున్నారు. ఏమైందని అడగట్లేదు గానీ, ఆ తొంగిచూడటంలో ఎంత ఆశ ఉందో నాకు తెలుస్తూనే ఉంది. ఇది గనక బాగవకపోతే ఆ మనిషి మొహం ఎలా చూడాలిరా దేవుడా అనిపించింది.

చివరికి దారి వేరే వైపు దొరికింది. ఇదే ల్యాప్‌టాప్ మీద వేరే ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్, వేసి చూడమని ఎవరో రాశారు. కంపెనీలు వదిలేసిన పాత చిప్‌లకి కూడా దానికోసం జనమే డ్రైవర్లు రాసి, కాపాడుకుంటూ ఉంటారట. డబ్బు కోసం కాదు, వాళ్ల పాత యంత్రాలు పనిచెయ్యాలని. ముక్కూ మొహం తెలియని వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి ల్యాప్‌టాప్ ఆన్ చేశాను. అందులోనే ఎమ్యులేటర్ వేశాను. డిస్క్ పెట్టాను. ఆట మొదలైంది. బొమ్మ పాలమీద మీగడలా కదిలింది! నేను సోఫా మీంచి ఎగిరి గంతేశాను. అయితే కొట్టే బటన్ నొక్కితే ఆట ఆగిపోతోంది, ఆపే బటన్ నొక్కితే బంతిని కొడుతోంది. ఏ దేవుడూ వరం పూర్తిగా ఇవ్వడు కదా. ఏ బటన్ ఏ పనికో ఎమ్యులేటర్‌కి ఒక్కొక్కటిగా మళ్లీ చెప్పుకుంటూ వచ్చి, గట్టిగా కేకేశాను.

"మావయ్యగారూ! రండి!"

ఆయన వచ్చి కూర్చున్నారు. కంట్రోలర్‌ని కుడిచేతిలోకి తనే తీసుకున్నారు. అత్తయ్య స్టవ్ ఆపేసి వచ్చింది. ఆదివారం కావడంతో మా ఆయన కూడా పేపరు పక్కన పెట్టాడు. రెండో కంట్రోలర్‌తో నేను సర్వీసు చేశాను. బంతి వెళ్లింది. రాకెట్ లేచింది. టప్‌మని తగిలి, నేను పరిగెత్తేలోపు నా పక్కనుంచి దూసుకుపోయింది.

"అద్గదీ!" అని మా ఆయన చప్పట్లు కొట్టాడు. అత్తయ్య రెండు చేతులూ జోడించింది. మావయ్యగారి మొహం చూడాలి అప్పుడు. పామర్రు పోటీల్లో గెలిచి సైకిలెక్కిన కుర్రాడు అలాగే ఉండి ఉంటాడు. మరొకటి కొట్టారు. ఇంకొకటి కొట్టారు. తర్వాతి బంతి మూలకి వేశాను. అది తప్పింది. ఆ తర్వాతిదీ తప్పింది. రాకెట్ లేచింది గానీ, బంతి పోయాక.

నా నోరు అలవాటు ప్రకారం పని మొదలుపెట్టింది. "బాగా ఆడారండీ, ఈ ల్యాప్‌టాప్ ఇంకా కాస్త..."

"ఆగమ్మా" అన్నారాయన. "ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగుందా లేదా?"

"బాగుందండీ."

"డ్రైవరు?"

"అదీ బాగుందండీ."

"మరి ఇప్పుడు ఆలస్యం ఎవరిది?"

అత్తయ్య వెనకనుంచి నాకు కళ్లతో సైగలు చేస్తోంది, చెప్పకే తల్లీ అని. మా ఆయన ఉన్నట్టుండి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మొహంలో వెలుగు నా నోటితో ఆర్పెయ్యాలా అనిపించింది. కానీ ఆయన నావైపు తిరిగి, సూటిగా, జవాబు కోసం చూస్తున్నారు. ఈసారి అబద్ధం చెబితే ఇంక ఎప్పటికీ ఏదీ నమ్మరు.

"మీ చెయ్యిదేనండీ మావయ్యగారూ" అన్నాను. "మూలకి వేసిన బంతులకి అందట్లేదు. ఎదురుగా వచ్చినవి అందుతున్నాయి."

మావయ్యగారు వెనక్కి వాలి, కడుపునిండా ఒక నిట్టూర్పు విడిచారు.

"హమ్మయ్య" అన్నారు. "ఇంతకాలానికి ఈ ఇంట్లో నా చెయ్యి ఎట్టా ఉందో ఒక్కళ్లు చెప్పారు. అంతా బాగుంది, అంతా బాగుంది అంటే నేను దేన్ని బాగుచేసుకోవాలి? ల్యాప్‌టాప్ సంగతి నువ్వు చూశావు. దీని సంగతి నేను చూసుకుంటా." కుడిచెయ్యి ఒకసారి చాపి, ముడిచి చూసుకుని, పేపరు వెనక దాక్కున్న కొడుకుని కేకేశారు. "ఒరేయ్, ఆ ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేసి, రేపు వస్తున్నానని చెప్పు."

ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొస్తుంటే నేను వంటింట్లోకి పారిపోబోయాను.

"ఎక్కడికమ్మాయ్? ఆట మధ్యలో ఉంది" అన్నారు మావయ్యగారు. "కూర్చో. మూలకే వెయ్యి."